తలకు దెబ్బ తగిలిన బిడ్డకు ఒక్కపొద్దు వద్దు

పోయిన ఏడాది శివరాత్రి మరునాడు మా బడిలో పదో తరగతి పిల్లలకు రివిజన్ పరీక్ష. సరిహద్దు దాటి అత్తిబెలెకు పోతే శివరాత్రికి సెలవు. ఇటు హోసూరులో సెలవు లేదు. అందుకే రాత్రంతా గుడిలో జాగారం చేసిన పిల్లలు కూడా ఎర్రబడ్డ కళ్లతో బడికి వచ్చేశారు. మూడో బెంచీలో ఉన్న ఒక అబ్బాయి పేపరు తీసుకోవడానికి లేచి, రెండడుగులు వేసి కూలబడ్డాడు. నీళ్లలాంటి వాంతి అయింది.

"ఒక్కపొద్దు మిస్, మొన్న రాత్రి తిన్నాడంతే" అన్నారు పక్కనున్న పిల్లలు. నేనూ అదే అనుకున్నాను. ఫ్యాను కింద పడుకోబెట్టాం. నిమ్మకాయ నీళ్లలో ఉప్పు, చక్కెర కలిపి తాగించాం. పరీక్ష సాగిపోయింది. ముప్పావు గంట గడిచినా వాడు తేరుకోలేదు. తల రెండు చేతులతో పట్టుకుని "వెలుతురు వద్దు మిస్" అంటున్నాడు. ఈ రోజు ఏ వారం అని అడిగితే తడుముకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆరు రోజుల కిందట కబడ్డీ ఆడుతూ వెనక్కి పడి తల నేలకు కొట్టుకున్నది వీడే అని.

108కు ఫోన్ చేశాం. ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "చివరిసారి ఎప్పుడు తిన్నాడు?" రెండోది, "నీళ్లు ఎప్పుడు తాగాడు?" మూడోది, "ఎంతసేపు నిద్రపోయాడు?" మూడింటికీ జవాబు చెబుతుంటే నాకు సిగ్గేసింది. ఆయన తమిళంలో అన్న మాట మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది. "ఈ వాంతి ఆకలితో వచ్చిందా, తల లోపల రక్తం కారడం వల్ల వచ్చిందా అన్నది బయట నుంచి చూసి నేను చెప్పలేనమ్మా. మళ్లీ స్కాన్ తీయాలి." ఆరు రోజుల్లో ఆ బిడ్డ తలకు అది రెండో స్కాన్.

అదృష్టవశాత్తూ లోపల రక్తస్రావం లేదు. రాత్రంతా సెలైన్ పెట్టి, మరునాడు ఇంటికి పంపారు. కానీ ఆ తర్వాత మూడు వారాల పాటు వాడు పదిహేను నిమిషాలు వరసగా చదివితే తలనొప్పి వచ్చేది. పబ్లిక్ పరీక్షలు దగ్గర పడుతున్న రోజులవి. ఆ మూడు వారాలూ ఒక్కపొద్దు వల్లే పోయాయని నేను అనను. దెబ్బ వల్ల ఎంత, ఆకలి వల్ల ఎంత, నిద్ర లేకపోవడం వల్ల ఎంత అని ఎవరూ విడదీసి చెప్పలేరు. అలా విడదీయలేకపోవడమే ఇందులో ఉన్న పెద్ద ప్రమాదం.

ఇక నా తప్పు చెప్పాలి. శివరాత్రి రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర వాడు పళ్లెం తీసుకోలేదు. ఎందుకని అడిగాను. "ఒక్కపొద్దు మిస్" అన్నాడు. నేను తరగతి ముందు నిలబెట్టి, "చూడండి, దెబ్బ తగిలినా భక్తి వదల్లేదు" అని మెచ్చుకున్నాను. బీఈడీ చదివాను, ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను, పిల్లల ఆరోగ్యం గురించి ప్రతి ఏడాదీ శిక్షణలకు వెళ్తున్నాను. అయినా ఆ క్షణాన దెబ్బను, ఒక్కపొద్దును పక్కపక్కన పెట్టి చూడాలని తోచలేదు. ఇది రాయడానికి కారణం అదే.

కంకషన్ అంటే ఏమిటి?

తలకు గట్టి దెబ్బ తగిలినప్పుడు, లేదా శరీరం ఒక్కసారిగా ఊగిపోయినప్పుడు పుర్రె లోపల మెదడు కుదుపుకు గురవుతుంది. ఆ కుదుపుతో మెదడు పనితీరు కొంతకాలం తేడా పడటాన్ని కంకషన్ అంటారు. స్పృహ తప్పితేనే కంకషన్ అనుకుంటాం. అది పొరపాటు. ఎక్కువ మందికి స్పృహ తప్పదు. తలనొప్పి, వికారం, తల తిరగడం, వెలుతురూ చప్పుడూ భరించలేకపోవడం, చదివింది తలకెక్కకపోవడం, ఊరికే చిరాకు, నిద్ర తేడాలు వీటి లక్షణాలు.

ఇంకో పొరపాటు స్కాన్ గురించి. "స్కాన్‌లో ఏమీ లేదన్నారు, అంటే దెబ్బే లేదు" అని ఇళ్లలో అనుకుంటారు. స్కాన్ చూసేది ఎముక విరిగిందా, రక్తం కారిందా అని. మెదడు కణాల పని తేడా పడటం అందులో కనబడదు. స్కాన్ బాగున్నా కంకషన్ ఉండవచ్చు. చాలా మంది పిల్లలు నాలుగు వారాల లోపు కోలుకుంటారు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

ఆ రోజుల్లో లోపల జరిగేది తెలిస్తే తిండి సంగతి అర్థమవుతుంది. కుదుపు తగలగానే మెదడు కణాల లోపల ఉండాల్సిన లవణాలు బయటికి, బయట ఉండాల్సినవి లోపలికి పోతాయి. వాటిని మళ్లీ ఎక్కడివక్కడ సర్దడానికి కణాలు మామూలు కంటే ఎక్కువ శక్తి ఖర్చు పెట్టాలి. ఆ శక్తికి గ్లూకోజు కావాలి. సరిగ్గా అదే సమయంలో మెదడుకు వచ్చే రక్తం తగ్గుతుంది. ఖర్చు పెరిగిన నెలలోనే జీతం కోత పడినట్టు అన్నమాట. ఆ తర్వాత కొన్ని రోజుల పాటు కణాలు గ్లూకోజును సరిగా వాడుకోలేని దశ కూడా ఉంటుంది. పెద్దవాళ్లలో మెదడు బరువు శరీరంలో రెండు శాతమే అయినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం ఖర్చు పెట్టే శక్తిలో దాదాపు ఇరవై శాతం అదే తీసుకుంటుంది. పిల్లల్లో ఈ వాటా ఇంకా ఎక్కువ.

ఒక్కపొద్దు ఎందుకు వద్దంటున్నాను?

మొదటి సంగతి ఇంధనం. రాత్రి భోజనం తర్వాత మరునాడంతా, ఆ రాత్రంతా తినకపోతే ఇంచుమించు ముప్పై ఆరు గంటలు. కాలేయంలో దాచుకున్న చక్కెర నిల్వ పిల్లలకు పెద్దల కంటే తక్కువ, త్వరగా అయిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న శరీరం అప్పుడు కొవ్వును కరిగించుకుని సర్దుకుంటుంది. దెబ్బ తిన్న మెదడును సర్దుకునే పరీక్షకు పెట్టడం ఎందుకు?

రెండోది నీళ్లు. మా వైపు చాలా ఇళ్లలో శివరాత్రికి పచ్చి నీళ్లు కూడా ముట్టరు. కంకషన్ తర్వాత కొందరు పిల్లల్లో గుండె వేగం, రక్తపోటు సర్దుబాటు సరిగా ఉండదు, లేచి నిలబడగానే తల తిరుగుతుంది. దానికి నీటి కొరత తోడైతే కింద పడతారు. మొదటి దెబ్బ మానకముందే తలకు రెండో దెబ్బ తగలడం చాలా ప్రమాదం. మా అబ్బాయి తరగతిలో కూలబడినప్పుడు తల బెంచీ అంచుకు తగలకపోవడం మా పుణ్యమే అనుకోవాలి.

మూడోది నిద్ర. జాగారం ఉపవాసంలో భాగం కాబట్టి దీన్నీ చెప్పాలి. మెదడు కోలుకోవడానికి మంచి నిద్ర అవసరం. మైకు హోరులో, ట్యూబులైట్ల కింద రాత్రంతా మేలుకోవడం కంకషన్ ఉన్న బిడ్డకు ఆకలి కంటే తక్కువ హాని కాదు. తలకు దెబ్బ తగిలితే నిద్రపోనివ్వకూడదని పెద్దలు అంటుంటారు. డాక్టరు చూసి, ప్రమాదం లేదని ఇంటికి పంపాక బిడ్డను నిద్రపోనివ్వాలి. ఎప్పుడెప్పుడు లేపి చూడాలో డాక్టరే చెబుతారు.

నాలుగోది మందులు. "తిన్న తర్వాత వేసుకోవాలి" అన్న మాత్రను ఒక్కపొద్దు రోజు పూర్తిగా మానేస్తారు, లేదా ఖాళీ కడుపుతో మింగిస్తారు. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలు తలకు దెబ్బ తగిలిన తొలి రోజుల్లో డాక్టరు చెప్పకుండా వేయనే కూడదు. అవి రక్తస్రావం ముప్పును పెంచుతాయి. ఖాళీ కడుపులో మంట పెడతాయి కూడా. పారాసిటమాల్‌ను కూడా చాలాసేపు తినకుండా, నీళ్లు తాగకుండా మళ్లీ మళ్లీ వేసుకుంటే కాలేయానికి మంచిది కాదు.

ఐదోది, అన్నిటికంటే ముఖ్యమైనది, డాక్టరు నాతో అన్న మాట. ఉపవాసం వల్ల వచ్చే తలనొప్పి, వికారం, మత్తు, తల తిరగడం కంకషన్ లక్షణాలే. తల లోపల రక్తం కారుతున్నప్పుడు మొదట కనిపించేవీ అవే. తిని, తాగి, నిద్రపోయిన బిడ్డ వాంతి చేసుకుంటే ఇంట్లో వాళ్లు వెంటనే భయపడి ఆసుపత్రికి పరిగెత్తుతారు. ఒక్కపొద్దున్న బిడ్డ వాంతి చేసుకుంటే నిమ్మకాయ నీళ్లు కలుపుతారు. మేం చేసింది అదే, ముప్పావు గంట అలాగే పోగొట్టాం. మత్తుగా ఉండి వాంతి చేసుకునే బిడ్డ నోట్లో ఏదీ పోయకూడదని, అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చని కూడా ఆ రోజే తెలిసింది.

కాబట్టి ఈ గుర్తులు ప్రతి ఇంట్లో, ప్రతి స్టాఫ్ రూములో తెలిసి ఉండాలి. మళ్లీ మళ్లీ వాంతులు, పెరుగుతూ పోయే తలనొప్పి, ఫిట్స్, లేపినా లేవని మత్తు, మాట తడబడటం, తికమక మాటలు, ఒక కాలో చెయ్యో బలం తగ్గడం, కంటి పాపలు ఒకటి పెద్దది ఒకటి చిన్నది కావడం, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలాంటి ద్రవం లేదా రక్తం కారడం. వీటిలో ఏది కనబడినా అది ఒక్కపొద్దు వల్లో, ఎండ వల్లో అని ఆలోచించకుండా 108కు ఫోన్ చేయాలి.

ఫోన్లో వచ్చే సలహాలు

ఈ సంగతి మా ఉపాధ్యాయుల మధ్య మాట్లాడుకుంటుంటే ఒక సహోద్యోగి ఫోన్ తీసి చూపించారు. ఉపవాసం ఉంటే శరీరం చెడిపోయిన కణాలను తనే తినేసి శుభ్రం చేసుకుంటుందట, దానికి నోబెల్ కూడా వచ్చిందట, కాబట్టి మెదడు దెబ్బకు ఉపవాసమే మందట. ఇందులో ఒక నిజం ఉంది. కణం తన లోపలి పాత భాగాలను తానే విడగొట్టి మళ్లీ వాడుకునే విధానాన్ని వివరించినందుకు జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన ముఖ్యంగా పని చేసింది ఈస్ట్ మీద, అంటే రొట్టె పిండిని పొంగించే సూక్ష్మజీవి మీద. తలకు దెబ్బ తగిలిన పిల్లలను పస్తు పెట్టమని ఆ బహుమతి ఎవరికీ చెప్పలేదు.

మెదడు దెబ్బకు ఉపవాసం మంచిదా అని ఎలుకల మీద చూసిన పరిశోధన కూడా ఉంది. అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయం వాళ్లు 2008లో ప్రచురించారు. ఓ మోస్తరు దెబ్బ తగిలిన ఎలుకలకు 24 గంటలు తిండి ఆపితే మెదడు కణజాలం కొంత ఎక్కువ మిగిలింది. 48 గంటలు ఆపితే ఆ మేలు కనబడలేదు. దెబ్బ తీవ్రమైనదైతే 24 గంటల ఉపవాసంతోనూ మేలు లేదు. ప్రయోగశాలలో, కొలిచి కొట్టిన దెబ్బకు, ఎలుకలో కనబడిన ఫలితాన్ని పట్టుకుని మన బిడ్డ మీద ప్రయోగం చేయలేం. మనుషుల విషయంలో వైద్యులు నడిచే దారి వేరు. తీవ్రంగా దెబ్బ తగిలిన రోగికి ఐదో రోజుకు, ఎంత ఆలస్యమైనా ఏడో రోజుకు కనీస అవసరానికి తగ్గ ఆహారం అందాలని అమెరికాలోని బ్రెయిన్ ట్రామా ఫౌండేషన్ మార్గదర్శకాలు చెబుతాయి. స్పృహ లేనివాళ్లకే గొట్టం వేసి తిండి పెడుతుంటే, నోటితో తినగలిగే బిడ్డను పస్తుంచడం ఏం న్యాయం?

మొక్కు మాటేమిటి?

ఆ అబ్బాయి తల్లి గులాబీ తోటలో కూలికి పోతుంది. తండ్రి లగేజీ ఆటో నడుపుతాడు. ఆసుపత్రి వరండాలో ఆమె నా చెయ్యి పట్టుకుని ఏడుస్తూ చెప్పిన మాట ఇది. "దెబ్బ తగిలిన రోజు స్కాన్ గది బయట నిలబడి మొక్కుకున్నా టీచరమ్మా. బిడ్డ తలకు ఏమీ కాకుంటే శివరాత్రికి వాడి చేత ఒక్కపొద్దు పట్టించి, చంద్రచూడేశ్వరుని కొండ మీద జాగారం చేయిస్తానని." బిడ్డ తల బాగుండాలనే మొక్కిన మొక్కు అది. ఆమెను తప్పు పట్టే నోరు నాకు లేదు.

నేను దేవుడిని నమ్మేదాన్ని, కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండేదాన్ని. కాబట్టి ఈ మాట లోపలి మనిషిగానే చెబుతున్నాను. మన సంప్రదాయమే రోగులకు, పసివాళ్లకు, ముసలివాళ్లకు సడలింపు ఇచ్చింది. వ్రతాన్ని భంగం చేయనివి ఎనిమిది ఉన్నాయని పెద్దలు చెబుతారు. అందులో నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు ఉన్నాయి. మందు ఉంది. గురువు మాట కూడా ఉంది. పిల్లవాడికి పాలు, అరటిపండు ఇచ్చి, మాత్ర వేసి, తొందరగా పడుకోమని టీచరు చెబితే వ్రతం చెడదని శాస్త్రమే అంటోంది. ఆ గురువు మాట చెప్పాల్సిన రోజు నేను మెచ్చుకోలు మాట చెప్పాను.

మిగతా మతాల్లోనూ ఇదే దయ ఉంది. రంజాన్ నెలలో రోగులు, ప్రయాణికులు ఉపవాసం ఆపి, తర్వాత వేరే రోజుల్లో పూర్తి చేసుకోవచ్చని ఖురానే చెబుతోంది. కాథలిక్కుల్లో పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు ఉపవాస నియమం లేదు. ఏ దేవుడూ కోరని కష్టాన్ని మనమే బిడ్డ నెత్తిన పెడుతున్నాం.

ఇది శివరాత్రి ఒక్కదానితో పోయే సంగతి కాదు. బరంపురంలో, యానాంలో కార్తీక సోమవారాలు ఉన్నాయి. బళ్లారిలో, సోలాపూర్‌లో శ్రావణ మాసపు నోములు, శనివారాలు ఉన్నాయి. అయ్యప్ప మాల వేసుకున్న పిల్లలు నలభై ఒక్క రోజులు తెల్లవారుజామున చన్నీటి స్నానం చేసి, పొద్దున ఏమీ తినకుండా బడికి వస్తారు. మాల వేసుకున్నాక తలకు దెబ్బ తగిలితే గురుస్వామితో మాట్లాడి నియమాలు సడలించుకోవాలి. మొక్కుతో పని లేని పస్తులు కూడా ఉన్నాయి. పరీక్షల భయంతో పొద్దున తినని ఆడపిల్లలు, వికారం వల్ల అన్నం చూస్తేనే ముఖం తిప్పుకునే పిల్లలు. వాళ్ల మెదడుకూ ఇదే లోటు.

మన బడులకే ఎందుకు చెబుతున్నాను?

మన పిల్లలకు వైద్యం జరిగే భాష వేరు, మొక్కు మొక్కే భాష వేరు. హోసూరులో డాక్టరు తమిళంలో చెబుతారు, బెంగళూరు పంపితే కన్నడంలోనో ఇంగ్లీషులోనో చెబుతారు, చేతికిచ్చే కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. ఇంట్లో మాట తెలుగు. మా అబ్బాయి కాగితంలోనూ "రెస్ట్" అని రాసి ఉంది. ఆ తల్లికి తమిళం బాగా వచ్చు, రెస్ట్ అంటే ఏమిటో తెలుసు. ఆటలు మాన్పించింది, సైకిలు తాళం వేసి దాచింది. జాగారం మాట అడిగితే, "గుళ్లో కూర్చునే కదా ఉంటాడు, అది రెస్టే కదా టీచరమ్మా" అంది. డాక్టరుకు ఆమె మొక్కు తెలియదు. ఆమెకు అది డాక్టరుకు చెప్పాల్సిన సంగతి అని తోచలేదు.

వాడికి దెబ్బ తగిలిందని, వాడు ఒక్కపొద్దు ఉన్నాడని రెండూ తెలిసిన బయటి మనిషిని నేనొక్కదాన్నే. మన బడుల్లో ఎప్పుడూ ఇంతే. పిల్లవాడి భాష తెలిసినవాళ్లం, పండగలు తెలిసినవాళ్లం, మధ్యాహ్నం ఎవరు పళ్లెం పట్టారో పట్టలేదో చూసేవాళ్లం మనమే. ఆ బాధ్యత డాక్టరు మీద వేసి మనం తప్పుకోలేం.

అందుకే మా బడిలో కొన్ని చిన్న పనులు మొదలుపెట్టాం. ఏ ఖర్చూ లేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. తలకు దెబ్బ తగిలిన పిల్లవాడి పేరు, తేదీ హాజరు పట్టీ వెనక రాసి, అన్ని పీరియడ్ల టీచర్లకూ చెబుతాం. నాలుగు వారాల పాటు వాడు మధ్యాహ్న భోజనం తిన్నాడా లేదా అని ఒకరు చూస్తారు. తినకపోతే ఆ రోజే ఇంటికి ఫోన్. ఆ నాలుగు వారాల్లో పండగ వస్తే ముందే తల్లిదండ్రులతో మాట్లాడతాం. ప్రమాద గుర్తులు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి భోజనాల గది గోడకు అంటించాం. వైద్యుల కాగితం ఇంటికి వెళ్లే ముందు దాన్ని తెలుగులో రాసి ఇస్తాం.

తల్లిదండ్రులు డాక్టరు దగ్గర నాలుగు ప్రశ్నలు అడగాలి. ఏ భాషలోనైనా అడగండి, సిగ్గు పడకండి. బిడ్డ ఏం తినాలి, ఎన్నిసార్లు? ఈ నెలలో మాకు ఒక్కపొద్దు ఉంది, ఉండొచ్చా? ఎంత నిద్ర కావాలి? బడికి, ఆటకు ఎప్పుడు పంపాలి? రెండో ప్రశ్న మనం అడగకపోతే డాక్టరుకు తోచదు.

ఇంట్లో పెట్టే తిండికి డబ్బు ఎక్కువ అక్కరలేదు. వికారం ఉన్న బిడ్డకు పళ్లెం నిండా అన్నం పెట్టి తినమని గదమాయిస్తే తినలేడు. రెండు మూడు గంటలకోసారి కొద్దికొద్దిగా పెట్టండి. రాగి జావ, మజ్జిగ, ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండు, ఉడికించిన గుడ్డు, గుప్పెడు వేరుశెనగలు చాలు. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తే నీళ్లు చాలడం లేదని అర్థం. బడిలో పెట్టే గుడ్డును వద్దనకండి.

బడికి తొందరపెట్టకూడదు, నెలల తరబడి చీకటి గదిలోనూ ఉంచకూడదు. క్రీడల్లో తల దెబ్బల మీద 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశపు నివేదిక ప్రకారం మొదటి ఒకటి రెండు రోజులు పని తగ్గించి విశ్రాంతి ఇవ్వాలి, ఫోన్, టీవీ తగ్గించాలి. ఆ తర్వాత మెల్లగా నడక, కొద్దిసేపు చదువు. పూర్తిగా చదువులో పడ్డాకే పూర్తి స్థాయి ఆట. నేను దీనికి నా వంతు మాట ఒకటి కలుపుతున్నాను. ఆట కంటే కూడా వెనక, చిట్టచివర ఉపవాసం. అది కూడా డాక్టరును అడిగి.

"ఒక్క పూట తినకపోతే ఏమవుతుంది, మేం చిన్నప్పుడు ఉండలేదా?" అని అడిగే పెద్దలున్నారు. ఉన్నాం. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఉన్నాం. కాలు విరిగిన బిడ్డ చేత ఎవరూ కొండ ఎక్కించరు. కట్టు కనబడుతుంది కాబట్టి. తలకు తగిలిన ఈ దెబ్బకు కట్టు ఉండదు, వాపు ఉండదు, స్కాన్‌లోనూ కనబడదు. అది ఉందని మనం గుర్తుపెట్టుకోవాలి.

మా అబ్బాయి పరీక్షలు రాశాడు, పాసయ్యాడు. లెక్కల్లో అనుకున్నన్ని మార్కులు రాలేదు. ఇప్పుడు ప్లస్ వన్ చదువుతున్నాడు. మొన్న కార్తీకంలో ఆ తల్లి దారిలో కనబడి, మొక్కు తీరిందని చెప్పింది. డాక్టరును అడిగిందట. సోమవారం పొద్దంతా పాలు, పండ్లు తీసుకుని, సాయంత్రం కొండ మీద దీపం పెట్టి, ఇంటికొచ్చి భోంచేసి, రాత్రి తొమ్మిదికి పడుకున్నాడట. "ఆలస్యమైందని స్వామి ఏమీ అనుకోలేదా?" అని నవ్వుతూ అడిగాను. "వెంకన్న అయితే వడ్డీ అడిగేవాడేమో టీచరమ్మా, ఈయన బోళాశంకరుడు కదా" అంది.